50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టరు కొనొచ్చా, పాత మోడలే మేలా?

బుచ్చి వరిరైతు: అన్నలూ ఒక డౌటు. మా నాయన పాత 45 హెచ్‌పీ బండికి ఇంతవరకు ఇంజను విప్పింది లేదు. పెద్దది తీసుకుందామంటే 50 దాటినవాటికి 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ 4 రూలంట, అదే ట్రాక్టరు పొగకి సర్కారు పెట్టిన లిమిట్. దానికోసం కామన్ రైలు (డీజిలుని గట్టి ప్రెషరుతో ఇంజన్లోకి కొట్టే సిస్టం), సెన్సర్లు, సైలెన్సర్ కాడ మసి పట్టే ఫిల్టరు. బురదలో దమ్ము చేసే బండికి కంప్యూటరు ఎందుకసలు? ఫిల్టరు పూడిపోతే నడి మడిలో ఆగిపోదా?

దర్శి మెకానిక్: దమ్ములో పూడదు తమ్ముడూ, అందరూ అక్కడే పొరబడతుండారు. దమ్ము చక్రాలేసి లాగేటప్పుడు ఇంజను మీద లోడు గట్టిగా ఉంటది, పొగ వేడికి మసి దానంతటదే కాలిపోద్ది. పూడేది ఎప్పుడంటే మిల్లు కాడ ధాన్యం ట్రక్కు తగిలించుకుని క్యూలో గంటలకొద్దీ స్టార్టింగులోనే పెట్టి టీ తాగేటప్పుడు. ఫిల్టరు లైటు వెలిగితే బండి నిలబెట్టి దాన్ని మసి కాల్చుకుని క్లీనింగ్ చేసుకోనియ్యాలి, అదీ గడ్డివాము పక్కన మాత్రం పెట్టబాకండి, సైలెన్సర్ నిప్పులాగుంటది.

పొదిలి పొగాకు: మెకానిక్ అన్న చెప్పింది కరెక్టే గానీ సగమే. మా ఊళ్ళో బంకు దూరం, క్యాన్లల్లో తెచ్చి షెడ్డులో పెట్టుకుంటాం, అడుగున నీళ్ళూ నలకలూ ఉంటయి. పాత నాజిలు 200 బార్ ప్రెషరు చుట్టుపక్కల కొట్టేది, ఆ డీజిలే తాగి బతికింది. ఈ కామన్ రైలు 1000 బార్ దాటి కొడతది, చుక్క నీళ్ళు పోయినా ఇంజెక్టర్ పాయె. పక్కూరాయనకి అట్లే పోతే కంపెనీ మనిషి లోపం చూసే లాప్‌టాప్ తీసుకుని వచ్చేదాకా బండి షెడ్డులోనే, అదునేమో దాటిపోయింది. రూలు తెచ్చినోళ్ళు ఆ లాప్‌టాప్ మండలానికొకటి పెట్టించాల్సింది గదా.

దర్శి మెకానిక్: ఆ మాట ఒప్పుకుంటా. ఆ లాప్‌టాప్ స్కానర్ మా చేతికియ్యకుండా రిపేరు మాదే అంటే ఎట్లా? అయినా రూలునే తిట్టబాకండి, ఆ సైజు ఇంజన్లకి మసి లిమిట్ ఇంజను చేసే ఒక్కో యూనిట్ (కిలోవాట్-అవర్) పనికి 0.4 గ్రాముల నుంచి 0.025కి దించారు, 16వ వంతు. ఆ పొగ పీల్చేది సీట్లో కూర్చున్నోడే.

కోవూరు డ్రైవరు: పీల్చేది నేనే, కాబట్టి చెప్తుండా, కొత్తది తోల్తే సాయంత్రానికి ముక్కులో మసి లేదు. కానీ ఓనర్లు ఫిల్టరు పీకించి మ్యాపింగ్ (ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చడం) చేయిస్తుండారు, తర్వాత వారంటీ లేదంటే ఏడుస్తుండారు.

బుచ్చి వరిరైతు: అయితే 49 తీసుకుంటే ఈ గోలంతా ఉండదా?

దర్శి మెకానిక్: 2023లో ఆ రూలు వచ్చినప్పుడు 50 లోపు వాటికి దాని ముందరి రూలు ట్రెమ్ 3ఏనే ఉంచారు, అందుకే కంపెనీలు 49 దగ్గర అంతంత మోడళ్ళు దించినయి. హెచ్‌పీ ఒక్కటే చూడబాక, టార్కూ (తిప్పే బలం), పీటీఓ హెచ్‌పీ (వెనక రోటవేటరుని తిప్పే షాఫ్టుకి అందే పవరు) అడుగు. ఆరడుగుల రోటవేటరుకి ఆ 49 చాలు. ఏడడుగులది కావాలంటే మాత్రం పెద్దదే తీసుకో, వాటర్ సెపరేటర్ రోజూ పొద్దున్నే విప్పి నీళ్ళొదులు, క్యాను అడుగు డీజిలు మాత్రం ట్యాంకులో పొయ్యబాక.

పొదిలి పొగాకు: రోజూ విప్పే డ్రైవరు దొరికితే నాకూ చెప్పన్నా.