సమస్య: “చూడనట్టి యూరు చూచి వ్రాసె”

పైకి పొసగనట్టు కనిపించే ఈ పాదాన్ని ఆటవెలది పద్యానికి నాలుగో పాదంగా ఇచ్చాం; ముందు మూడు పాదాలు కట్టి అర్థం కుదిర్చేదే పూరణ. 1, 3 పాదాల్లో మూడు సూర్య, రెండు ఇంద్ర గణాలు; 2, 4లో అయిదూ సూర్య గణాలే. (సూర్య గణమంటే గురువు-లఘువు, లేదా మూడు లఘువులు; ఇంద్ర గణాలు అంతకన్నా పెద్దవి. గురువు దీర్ఘంగా పలికే అక్షరం, లఘువు పొట్టిది.) యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన) నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస (పాదాల రెండో అక్షరం కలవడం) నియమం లేదు. విషయం: పరదేశంలో కాపురమున్న రోజుల జ్ఞాపకాలు రాయడం.

పదచారి:
వచ్చి పోవువారు వారమ్ము తిరిగిరి
కోట గోపురముల కొలత తీసి;
ఏండ్లు గడిపినట్టి యీతఁడు వారలు
చూడనట్టి యూరు చూచి వ్రాసె.

నిర్వాహకుడు: చూడనివారు వేరు, చూసినవాడు వేరు, విరోధం చక్కగా విడిపోయింది. గణయతులు సరిపోయాయి. మూడో పాదమే పలచన. ‘ఏండ్లు గడిపాడు’ అన్నంత మాత్రాన పాఠకుడు నమ్మడు, వచనంలోనైనా అంతే. యాత్రికుడికి తగలనిది ఒకటి చూపాలి: అద్దింటి అడ్వాన్సు తిరిగిచ్చే షరతు, చెత్త వేరుచేసి బయటపెట్టే రోజు, వీసా గడువు. ఇలా మార్చి చూడండి: “గడువు పెంచు క్యూలఁ గాచినవాఁ డొరుల్”. గ–గా యతి.

కొండగాలి:
పాత డైరి తెరచి పదియేండ్లకును వాఁడు
సంత ధరలు, బస్సు చార్జితోడ,
నాఁడు వీథి నడచి నాలుగేండ్లుండియు
చూడనట్టి యూరు చూచి వ్రాసె.

నిర్వాహకుడు: ఈ పూటకిదే మేలైన పూరణ. ‘ఉండియు’ ద్రుతాంతం (చివర ‘న్’ దాగిన పదం) కాబట్టి తరువాత ‘చూడ’ బదులు ‘జూడ’ రావాలి. జూ–చూ యతికి ఇబ్బంది లేదు. రెండో పాదంలో ధరలు పెట్టడం తెలిసినవాళ్ల పని. మొదటి నెలల్లో వింతగా తోచినవి ఏడాది తిరిగేసరికి కంటికి ఆనవు, అప్పుడు రాసిపెట్టకపోతే పోయినట్టే.

పదచారి: అంకె ఒక్కటే ఉంటే పదేళ్లకు అక్కరకు రాదు. పక్కన తేదీ, ఆనాటి మారకపు విలువ, అదే రోజు ఇంకో సరుకు ధర ఉండాలి. టికెట్టు డైరీలో అంటించి ఊరుకోవద్దు: చాలా బిల్లులు థర్మల్ కాగితం మీదవి, వేడికీ వెలుతురుకీ వెలిసిపోతాయి, కొన్ని జిగుర్లు తగిలినా అంతే. పక్కనే పెన్నుతో ఎక్కించాలి.

గళ్ళనుడి:
ఇంట్లోఁ గూరుచుండి యితరుల బ్లాగులు
కలిపి కుట్టి, బొమ్మ కాపి కొట్టి,
తెరను తిప్పి తిప్పి తేరగా నొక్కఁడు
చూడనట్టి యూరు చూచి వ్రాసె.

కొండగాలి: చురక బాగా తగిలింది! కానీ ‘ఇంట్లో’ రెండు గురువులు, సూర్యగణం కాదు. “ఇంటిలోనె యుండి” అంటే గణమూ కుదురుతుంది, ఇ–యి యతీ నిలుస్తుంది. ఇలా కుట్టిన రాతలు దొరికిపోయేది దూరాల దగ్గర: పటంలో పక్కపక్కనున్న రెండు చోట్లకి మధ్య ఏరుంటుంది, వంతెన రెండు మైళ్ల అవతల. నడిచినవాడు అది రాయకుండా ఉండడు.

గళ్ళనుడి: సవరించాను. “తేరగా నొక్కఁడు” యతి తె–తే, సరేనా?

నిర్వాహకుడు: సరే. పాదానికి నాలుగో గణం ‘తేరగా’, ర గణం (గురువు-లఘువు-గురువు). ‘నొక్కఁడు’ భ గణం (గురువు-లఘువు-లఘువు). రెండూ ఇంద్ర గణాలే.