నర్సు-మిడ్‌వైఫ్ రిజిస్ట్రేషన్‌ను సరిచూసుకోవడం ఎలా?

మా చెల్లెలికి 34వ వారం, రెండో కాన్పు. దగ్గరి క్లినిక్‌లో ఒక నర్సు-మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో శిక్షణ ఉన్న నర్సు) చూస్తున్నారు. కడుపు మీద చెయ్యి పెట్టే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటారు. ఆ ఓపిక మాకు బాగా నచ్చింది. అయినా కాన్పు విషయంలో మంచితనం ఒక్కటే చాలదు కదా.

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) తర్వాత 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ పొందానని చెప్పారు. చూపించిన రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్సులో నర్సు నంబరు స్పష్టంగానే ఉంది, మిడ్‌వైఫ్ నంబరులో చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. ఆన్‌లైన్‌లో ఆమె పేరుతోనూ, పుట్టింటి ఇంటిపేరుతోనూ వెతికాను, దొరకలేదు. క్లినిక్‌లో రెండుసార్లు అడిగితే అసలు కాగితం ఇంట్లో ఉందన్నారు.

జాతీయ నర్సుల రిజిస్టరులో ఇచ్చే ఎన్‌యుఐడి నంబరు తీసుకుంటే, మిడ్‌వైఫ్‌గా ఆమె రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుతోందో లేదో మాలాంటి బయటివాళ్లు తెలుసుకోగలరా?