అత్తమ్మ అల్లిన క్రోషియా గుడ్డ: పోయిన పూలు మళ్లీ అల్లవచ్చా?

దేవరకొండ కోడలు:
మా అత్తమ్మ పెళ్లికి ముందు అల్లిన టేబుల్ గుడ్డ ఇది. పూలు విడివిడిగా అల్లి ఒకదానికొకటి కలిపింది. ట్రంకు పెట్టెలో ఎలుక కొట్టి నడుమ రెండు పూలు పాడయ్యాయి. వాటిని తీసేసి కొత్తవి అల్లుదామని నేను, అమ్మ చేతి పని ముట్టుకోవద్దని మా వారు. ఆమె ఉంటే ఆమెనే అడిగేదాన్ని. మీరేమంటారు?

మిర్యాలగూడ సూదీదారం:
తప్పకుండా అల్లండి. కొత్త దారాన్ని టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే పాతదానిలో కలిసిపోతుంది. ఎవరూ కనిపెట్టలేరు.

పాలమూరు పెద్దక్క:
టీ దగ్గరే నాకు పేచీ. ఆ రంగు ఉతికేకొద్దీ వెలుస్తుంది. కొన్నాళ్లకు ఆ రెండు పూలే వేరుగా కనిపిస్తాయి.

చెల్లీ, మీ వారి భయం అర్థమైంది కానీ వదిలేస్తే నష్టం ఎక్కువ. క్రోషియాలో ఒక కుట్టు ముగిశాకే తర్వాతిది మొదలవుతుంది. అందుకే ఊలు స్వెటర్‌లా నిలువునా జారిపోదు. అయినా తెగిన కొసలు ఊరుకోవు. ఉతికినప్పుడల్లా కాస్త కాస్త విడిపోతూ పక్క పూలదాకా వెళ్తాయి.

ముందే కత్తెర పట్టకండి. పక్క పూల అంచు కుట్లు విడిపోకుండా వాటిలోంచి రంగు దారం ఒకటి పోనిచ్చి, ఆ తర్వాత కలిపిన దారాన్ని మాత్రమే విప్పండి. పాడైన పువ్వు దాచండి, కుట్లు లెక్కపెట్టుకోవడానికి అదే నమూనా. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, పాత పోగు పక్కన పెట్టి చూసి కొనండి. అల్లే బిగువు మనిషికో తీరు. ఒక పువ్వు విడిగా అల్లి కొలవండి, పెద్దదైతే సన్న సూది తీసుకోండి. బ్లీచింగ్ జోలికి పోవద్దు, పాత నూలు చివికిపోతుంది.

పోచంపల్లి మగ్గం:
మా మగ్గం మీద పడుగు పోగు తెగితే ముడివేసి నేస్తాం. చీర చెడిపోయిందని ఎవరూ అనరు.

నకిరేకల్ టీచర్:
ముడివేసేది నేసేవారే కదా అన్నా! ఇక్కడ అల్లినామె లేదు. కొత్త పూలు కలిపి ‘అంతా అత్తమ్మ చేసిందే’ అని చుట్టాలకు చూపించడమే నాకు నచ్చదు. తెల్ల దారం తెల్లగానే ఉండనివ్వండి, ఏది ఎవరిదో తెలుస్తుంది.

గద్వాల నుంచి:
ఇంత తంటా ఎందుకు? రఫూ చేసేవారికి ఇవ్వండి, లేదా ఫ్రేము కట్టించండి.

పాలమూరు పెద్దక్క:
రఫూ పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డం పోగులూ ఉన్న నేత గుడ్డకు. ఇందులో ఆ రెండూ లేవు. టీచరు గారి మాటతో మాత్రం నేను ఏకీభవిస్తాను.

దేవరకొండ కోడలు:
ఫ్రేము కట్టిస్తే గోడంతా అదే అవుతుంది! మా వారికి ఇదంతా చదివి వినిపించాను. పక్క పూలు కూడా పోతాయనేసరికి మెత్తబడ్డారు. టీ వద్దు, తెల్ల దారమే. ఇంతకీ ఆ సన్న దారం నల్లగొండలో దొరుకుతుందా, హైదరాబాదు వెళ్లాలా?