శాటిస్‌ఫ్యాక్టరీ (ఫ్యాక్టరీలు కట్టే వీడియో గేమ్): 120 ఐరన్ ఓర్‌తో 15 రీఇన్‌ఫోర్స్‌డ్ ప్లేట్లు... స్టిచ్డ్ తీసుకోవాలా, కాస్ట్ స్క్రూనా?

గుంటూరు_ఘాటు
గేమ్‌లో దొరికిన హార్డ్ డ్రైవ్‌లో రెండు ఆల్టర్నేట్లు (మామూలు రెసిపీకి బదులు వాడేవి, ఒకటే తీసుకోవాలి) వచ్చాయి: స్టిచ్డ్ ఐరన్ ప్లేట్, కాస్ట్ స్క్రూ. ప్యూర్ ఐరన్ నోడ్ (ఎక్కువ ఇనుము ఇచ్చే గని) మీద మార్క్ 1 మైనర్ (తవ్వే మెషీన్) ఉంది, నిమిషానికి 120 ఓర్ (ముడి ఖనిజం). కాపర్ 60. బెల్టులు మార్క్ 2 దాకానే. నిమిషానికి 15 రీఇన్‌ఫోర్స్‌డ్ ప్లేట్లు కావాలి, మిగిలిన ఇనుము మాడ్యులర్ ఫ్రేమ్‌లకి. కరెంటు బొగ్గుదే, పెద్దగా మిగుల్లేదు. ఏది తీసుకోమంటారు?

బెజవాడ_బెల్టు
స్టిచ్డ్ తీసుకో తమ్ముడూ, ఆలోచించక్కర్లేదు.

మామూలు రెసిపీలో ఒక్కో రీఇన్‌ఫోర్స్‌డ్ ప్లేటుకి 12 ఇంగాట్లు (ఓర్ కరిగిస్తే వచ్చే దిమ్మెలు, ఓర్‌కి ఒకటి) పోతాయి: 6 ఐరన్ ప్లేట్లకి 9, 12 స్క్రూలకి 3. అంటే నీ 120 ఓర్ 10 ప్లేట్ల దగ్గరే అయిపోద్ది. కాస్ట్ స్క్రూ పెట్టినా అంతే. రాడ్ల మీదుగా వెళ్ళినా ఇంగాట్‌కి 4 స్క్రూలే, నేరుగా పోసినా 4 స్క్రూలే. రాడ్ల కన్‌స్ట్రక్టర్లు (ఒకే సరుకుతో పార్టులు చేసే మెషీన్లు) తగ్గుతాయి తప్ప ఓర్ మిగలదు. పైగా 15 ప్లేట్లకి 180 స్క్రూలు కావాలి, మార్క్ 2 బెల్టు నిమిషానికి మోసేది 120. ఆ బెల్టు ఫ్లైఓవర్ రాకముందు బెంజి సర్కిలే.

స్టిచ్డ్‌లో ఒక్కోదానికి ఐరన్ 5, కాపర్ 3.33 ఇంగాట్లు. 15కి 75 ఐరన్, 50 కాపర్. ఐరన్ స్మెల్టర్లు (ఓర్ కరిగించేవి) 4, కాపర్‌కి 2, ప్లేట్ల కన్‌స్ట్రక్టర్లు 3, వైర్‌కి 4, అసెంబ్లర్లు (రెండు సరుకులు కలిపి పార్టు చేసేవి) 3. అసెంబ్లర్ క్లాక్ (మెషీన్ వేగం) శాతం లెక్కేసుకోకు, అవుట్‌పుట్ గడిలో 5 అని కొట్టు, 88.89 అదే పడుద్ది.

వైర్ నిమిషానికి 100 వస్తుంది. మెర్జర్ (బెల్టుల్ని ఒకటిగా కలిపేది) తర్వాత ఎక్కడన్నా ఒక్క మార్క్ 1 బెల్టు ముక్క మర్చిపోయావా, 60 దగ్గర బిగుసుకుంటుంది. ఉత్పత్తి 9 దాటకపోయినా, అసెంబ్లర్‌లో ప్లేట్లు నిండుగా ఉండి వైర్ సున్నా కనపడినా ముందు అక్కడే వెతుకు.

మిగిలిన 45 ఇంగాట్లకి 45 రాడ్లు. ఫ్రేమ్‌కి 6 రాడ్లు, ఒకటిన్నర రీఇన్‌ఫోర్స్‌డ్ ప్లేటు లెక్కన నిమిషానికి 7.5 ఫ్రేమ్‌లు. 11.25 ప్లేట్లు వాటికే పోతాయి, 3.75 నీ చేతికొస్తాయి.

రిఫైనరీ_రాజు
ప్యూర్ ఐరన్ ఇంగాట్ (రిఫైనరీలో చేసే ఆల్టర్నేట్) దొరికితే ఈ గోలే ఉండదు కదా. 35 ఓర్, 20 నీళ్ళు ఇస్తే 65 ఇంగాట్లు.

బెజవాడ_బెల్టు
ఓర్ కరువైతే అదే బెస్ట్ అన్నా, కాదనను. కానీ ఇతనికి కరువు కరెంటు కూడా. 120 ఇంగాట్లకి 2 రిఫైనరీలు 60 మెగావాట్లు, వాటర్ ఎక్స్‌ట్రాక్టర్ 20, మొత్తం 80. ఒక కోల్ జనరేటర్ ఇచ్చేదే 75. అదే 4 స్మెల్టర్లు 16తో సరిపెట్టేస్తాయి. క్లాక్ తగ్గిస్తే కొంత దిగుతుంది గానీ స్మెల్టర్ల దరిదాపుల్లోకి రాదు. రిఫైనరీ రావాలంటే ఎలాగూ టియర్ 5 (గేమ్‌లో ఐదో దశ) దాకా వెళ్ళాలి.

గుంటూరు_ఘాటు
కాపర్ నోడ్ చాలా దూరం అన్నా. ఐరన్ వైర్ ఆల్టర్నేట్ (ఇనుముతోనే వైర్ చేసేది) నా దగ్గర ఆల్రెడీ ఉంది, అది వాడితే?

బెజవాడ_బెల్టు
12.5 ఇంగాట్లకి 22.5 వైర్. 100 వైర్‌కి 55.6 ఇంగాట్లు, 75తో కలిపితే 130 దాటింది. 13.8 ప్లేట్ల దగ్గర ఆగుతావు, ఫ్రేమ్‌లకి ఒక్క రాడ్డు కూడా మిగలదు. బెల్టు లాగు, తప్పదు. కాస్ట్ స్క్రూ వదిలేశానని బాధ వద్దు, తీసుకోనిది మళ్ళీ ఏదో ఒక డ్రైవ్‌లో వస్తుంది.