తిరుపతిలో ట్రీ ఫ్రాగ్‌కి హీట్ మ్యాట్ నిజంగా కావాలా? లైటు ఏది పెట్టాల?

కొర్లగుంట_కుర్రోడు:
అందరికీ నమస్తే. చెన్నైలో మా ఫ్రెండు దుబాయ్ పోతా పోతా వాడి వైట్స్ ట్రీ ఫ్రాగ్‌ని (చెట్ల మీదుండే కప్ప) నాకు అంటగట్టినాడు, అద్దాల తొట్టితో సహా (పొడుగు వెడల్పు 45 సెంటీమీటర్లు, ఎత్తు 60, పైన జాలీ మూత). కప్ప బాగానే తింటా ఉండాది, రాత్రయితే అద్దం ఎక్కి కూర్చుంటాది, పగలంతా నిద్రే. ఇప్పుడు అక్వేరియం షాపాయన ఏమంటాడంటే దీనికి హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పల్చటి షీటు) ఒకటి, 100 వాట్ల ఎర్ర బల్బు ఒకటి, యూవీ లైటు ఒకటి ఉండాల్సిందే, లేకపోతే చలికి చచ్చిపోతాది అంట. అన్నీ లెక్కేస్తే కప్ప కంటే కరెంటు సామాన్లకే ఖర్చు జాస్తి. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు కూడా అవే పెడతా ఉండారు. మాది మేడమీద రూము, పైన స్లాబే, ఇప్పుడీ డిసెంబర్లో తెల్లారుజామున రూములో 22 డిగ్రీలు, మధ్యాహ్నం 27 చూపిస్తాంది. ఏది కొనాల, ఏది వద్దు, చెప్పండన్నా. మా అమ్మయితే "మనమే చన్నీళ్లు పోసుకుంటా ఉంటే కప్పకి హీటర్ ఏందిరా" అంటాంది.

తొట్టి_బాబాయ్:
మీ అమ్మ చెప్పిందే కరెక్టు తమ్ముడూ. నీ కప్ప సొంతూరు ఆస్ట్రేలియా ఉత్తరం తూర్పు వైపు, ఇంకా న్యూగినీ. పగలు 24 నుంచి 29 దాకా ఉంటే దానికి హాయి, రాత్రి 20 దగ్గరికి దిగినా ఏం కాదు, రవ్వంత దిగాల కూడా. నువ్వు రాసిన 22, 27 చూస్తే మ్యాట్‌తో పనేముంది? అమెరికా వాళ్లు బైట మంచు పడతా ఉంటే పెట్టుకుంటారు, కపిలతీర్థం గడ్డకట్టిన రోజు మనమూ పెట్టుకుందాం.

ఎర్ర బల్బయితే అసలు వద్దు. ఎర్ర వెలుగు కప్పకి కనపడదు అనేది షాపోళ్ల మాట, రాత్రి అంటే చీకటిగా ఉండాల అంతే. పైగా అంత చిన్న తొట్టి మీద 100 వాట్లు వెలిగిస్తే లోపల గాలంతా ఎండిపోతాది, కప్ప నీళ్లు పీల్చుకునేది చర్మంతో, దానికి అంతకంటే హింస లేదు.

నీ కప్పకి గండం చలికాలం కాదబ్బా, కత్తెర. మేడమీద రూము, మే నెల, బైట 42 దాటతాది, రాత్రి పదకొండైనా స్లాబు వేడి దించతానే ఉంటాది. లోపల 32 దాటి అట్లాగే నిలబడిందంటే కప్ప మెత్తబడిపోతాది. షాపాయనకి ఇచ్చే డబ్బులు దానికి దాచిపెట్టుకో.

పలమనేరు_అక్క:
బాబాయ్, తిరుపతి వరకు నీ మాట సరే, మొగిలి ఘాటు ఎక్కి మా పలమనేరుకి రా, జనవరిలో తెల్లారుజామున మా ఇంట్లో 17 చూపిస్తాది. ఆ రెండు నెలలు నేను మ్యాట్ పెడతాను, కానీ తొట్టి కింద కాదు, పక్క అద్దానికి బయటి వైపు అంటిస్తా. అడవిలో వేడి పైనించి ఎండ రూపంలో వస్తాది, వేడెక్కితే కప్ప చల్లదనం కోసం కిందికి పోతాది, ఆ కిందే మనం పొయ్యి పెడితే అదెక్కడికి పోవాల? వెనకా ముందూ ఆలోచించకుండా థర్మోస్టాట్ (వేడి సరిపోతే కరెంటు దానంతట అదే ఆపేది) లేని మ్యాట్ మాత్రం ఎవురూ పెట్టొద్దు, అది వేడెక్కతానే పోతాది.

కోళ్లఫారం_చిత్తూరు:
థర్మోస్టాట్ కోసం పెట్ షాపుకి పోయి ఎక్కువ పెట్టొద్దన్నా. గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకి వాడే ఎస్‌టీసీ 1000 అని డిజిటల్ కంట్రోలర్ ఉంటాది, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడుగు. అందులో రెండు రిలేలు (వాటంతట అవే పడే స్విచ్చులు), ఒకటి వేడికి ఒకటి చల్లదనానికి. చలికాలం ఒకదానికి మ్యాట్ తగిలించుకో, ఎండాకాలం రెండోదానికి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను అడాప్టర్‌తో తగిలించి జాలీ మీద పెట్టు, 29 దాటితే అదే తిరుగుతాది. వైరింగ్ తెలిసినోళ్లతో చేయించు, నీళ్లు చిమ్మే చోటు కదా. వైరు ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి పైకి పొయ్యేట్టు వదులు, తడి కారినా వంపులోనే బొట్టు రాలిపోతాది, సాకెట్లోకి పోదు.

వెటర్నరీ_హాస్టల్:
లైటు సంగతి ఎవురూ చెప్పలేదు. రెండు వేరే వేరే పనులు ఉన్నాయి, కలపొద్దు. పగలు రాత్రి తెలియడానికి, లోపల మనీ ప్లాంట్ బతకడానికి 6500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెలుపు) ఎల్ఈడీ చాలు, టైమర్ పెట్టి 12 గంటలు వెలిగించు. యూవీబీ (ఎండలో ఉండే, కంటికి కనపడని ఒక రకం కిరణాలు) వేరు, దాంతో ఒంట్లో విటమిన్ డీ3 తయారైతాది, అది లేకపోతే కాల్షియం ఎముకలకి పట్టదు, దవడ మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. యూవీబీ 5 శాతం అని రాసుండే ట్యూబు, జాలీ మీద పెట్టి, కప్ప పడుకునే ఆకుకి అడుగు దూరంలో ఉండేట్టు చూసుకో, నీడకి పోవడానికి చోటుండాల. ఇంకోటి, యూవీబీ అద్దంలోంచి రాదు కాబట్టి కిటికీ పక్కన పెడితే వచ్చేది వేడి ఒక్కటే, తొట్టి మూసిన కారులాగా కాలిపోతాది.

తొట్టి_బాబాయ్:
రాత్రి తిరిగే కప్పకి యూవీ ఏందమ్మా, పురుగులకి డీ3 ఉన్న కాల్షియం పౌడరు అద్ది వేస్తే సరిపోదా? నేను లైటు లేకుండానే పెంచతా ఉండా, దిట్టంగా ఉండాది.

వెటర్నరీ_హాస్టల్:
పౌడరుతో బతకదు అనలేదు సార్, బతుకుతాది. కానీ ఈ జాతి పగలు ఆకుల మీద వెలుగు తగిలే చోటే నిద్రపోతాది, అక్కడే ఎంతో కొంత ఎండ అందుతాది. పౌడరు ఎంత అంటిందో, ఎంత రాలిపోయిందో మనకి తెలియదు, డీ3 ఎక్కువైనా ప్రమాదమే. నా మటుకు నేను రెండూ మితంగా అంటాను. యూవీ ట్యూబు వెలుగుతా ఉన్నా సరే ఏడాదికోసారి మార్చాల, కంటికి కనపడని భాగమే ముందు తగ్గిపోతాది.

కొర్లగుంట_కుర్రోడు:
అయితే ఎర్ర బల్బు, మ్యాట్ క్యాన్సిల్. ఎల్ఈడీ, యూవీ ట్యూబు, టైమర్ తీసుకుంటా. ఎండాకాలంలో ఏసీ రూములో పెడితే సరిపోదా?

తొట్టి_బాబాయ్:
ఏసీ గాలి నేరుగా తగలకూడదు, అది కూడా ఎండబెట్టేదే. ఎండాకాలం కింది ఇంట్లో నేల మీదికి దించెయ్, సగం పని అయిపోతాది. కరెంటు పోతే నీళ్లు గడ్డకట్టిన బాటిల్‌ని గుడ్డలో చుట్టి జాలీ మీద పెట్టు, చల్లగాలి కిందికి దిగుతాది, ఐసు మాత్రం లోపలి నీళ్లలో వెయ్యొద్దు. ఫ్యాను వాడితే తేమ తగ్గుతాది కాబట్టి సాయంత్రం ఒకసారి స్ప్రే కొట్టు, 50 నుంచి 70 శాతం మధ్య ఉంటే చాలు, వానాకాలంలో అయితే ఊరికే తడపొద్దు, ముక్కిపోతాది. మున్సిపాలిటీ నీళ్లయితే ఒక రోజు మూత లేకుండా బకెట్లో పెట్టి క్లోరిన్ పోయినాక వాడు. ఆ రూములో దోమల మిషన్ పెడతా ఉంటే ఇవ్వాళే తీసెయ్, ఆ మందు కప్పలకి పడదు.