పార్కులో నడకకీ ట్రెడ్‌మిల్‌కీ తేడా ఉందా? మీ అనుభవాలు చెప్పండి

కొత్త_బూట్లు:
షుగర్ అంచుల్లో ఉంది, రోజూ నడవమన్నారు డాక్టరు. ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉంది, దాని మీద బట్టలు ఆరేస్తున్నాం. పార్కుకెళ్తే అంతకంటే లాభం ఉంటుందా? పొద్దున మంచిదా, సాయంత్రమా? కుడి మోకాలు పట్టేస్తుంటుంది, సిమెంటు బాట మీద నడవొచ్చా?

పదివేల_వీరుడు:
రోజుకి 10,000 అడుగులు. ఇంకేం ఆలోచించకండి. 412 రోజులుగా ఒక్కరోజు తప్పలేదు నేను. నిన్న రాత్రి పదకొండున్నరకి చూస్తే వాచీలో 9,640 ఉంది. హాల్లో గిరగిరా తిరిగి పూర్తి చేసి పడుకున్నా.

చెట్టునీడ:
అన్నా, ఆయన అడిగింది పార్కు గురించి. మీరు సోఫా చుట్టూ తిరిగారు.

లెక్కల_పిచ్చి:
ఆ 10,000 ఏ డాక్టరూ తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు మాన్‌పో-కెయి, అంటే పదివేల అడుగుల మీటరు. పేరు బాగుందని ప్రపంచమంతా పట్టుకుంది. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, 2,700 నడిచేవాళ్లకంటే 4,400 నడిచేవాళ్లలో మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు.

పదివేల_వీరుడు:
నాకు 44 ఏళ్లు. పెద్దవాళ్ల లెక్కలు నాకెందుకండీ? 11 కిలోలు తగ్గాను. మీరెంత తగ్గారో చెప్పండి ముందు.

లెక్కల_పిచ్చి:
నా బరువుతో మీకేం పని? ఆ అధ్యయనం చూసింది ఆయుష్షు, పొట్ట కాదు. సరే, ఒకటి ఒప్పుకుంటాను: 60 లోపు వాళ్లకి 8,000 నుంచి 10,000 దాకా లాభం పెరుగుతుందని తర్వాత చాలా అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది.

పదివేల_వీరుడు:
అంటే నేను చెప్పిందే కదా!! ఇంత తిప్పడం ఎందుకు?

కీళ్ల_డ్యూటీ:
ఫిజియోథెరపీలో 18 ఏళ్లుగా ఉన్నాను, కాబట్టి మోకాలి సంగతి నాకు వదిలేయండి. నడిస్తే మోకాలు అరిగిపోతుందనేది పెద్ద అపోహ. కీలులో ఉండే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు వదులై, స్పంజిలాగా కీలు ద్రవం నుంచే పోషణ పీల్చుకుంటుంది. కదలకపోతేనే బిగుసుకుంటుంది. వాపు ఉంటే మాత్రం ముందు చూపించుకోండి. మీ పాత బూట్లు తిరగేసి చూడండి, మడమ ఒక పక్కే అరిగి ఉంటే అక్కడ మొదలుపెట్టాలి.

చెట్టునీడ:
మా పార్కులో చెట్ల వేళ్లకి బాట మీది రాళ్లు పైకి లేచాయి. చూసుకోకుండా తట్టుకుని పడ్డాను, మణికట్టు విరిగింది. మీ మృదులాస్థి బాగానే ఉంది నాకు!

ఎండపొడ:
పొద్దున ఆరింటికి నడిస్తే డి విటమిన్ ఉచితం. ట్రెడ్‌మిల్ ఇస్తుందా?

లెక్కల_పిచ్చి:
ఆరింటి ఎండకి రాదండీ. సూర్యుడు అంత వాలుగా ఉన్నప్పుడు, విటమిన్ తయారుచేసే యూవీ-బి కిరణాలు కిందిదాకా దాదాపు చేరవు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు వెళ్లండి. అయితే పొద్దుటి వెలుగుకి మరో ఉపయోగం ఉంది, ఒంట్లోని గడియారం సర్దుకుని రాత్రి నిద్ర వేళకి పడుతుంది.

ఎండపొడ:
ప్రతిదానికీ మీ దగ్గర ఒక సవరణ ఉంటుందా?

నలుగురూ_వరసగా:
పార్కులో బాటంతా ఆక్రమించి నలుగురు పక్కపక్కనే నడుస్తారు చూడండి, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరే? పైగా ఫోన్ స్పీకర్‌లో పాటలు.

మూడో_మలుపు:
ఇల్లంతా ఖాళీ అయిపోయిన ఏడాది నేను పార్కుకి వెళ్లడం మొదలుపెట్టాను. ఆరోగ్యం కోసం కాదు. మూడో మలుపు దగ్గర బెంచీ మీద ఒక పెద్దాయన రోజూ కూర్చుని ‘ఈరోజు లేటయ్యావే’ అనేవారు. ఆ మాట కోసం వెళ్లేదాన్ని. ఆర్నెల్లకి నిద్రమాత్ర మానమన్నారు డాక్టరు. అడుగులు ఎన్నో ఎప్పుడూ చూడలేదు.

చెట్టునీడ:
ఇది చదివాక నా మణికట్టు గొడవ సిగ్గనిపిస్తోంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన ఇలాంటిదే చూశారు. ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్లు, గోడ కనపడినవాళ్లకంటే ముందే ఇంటికెళ్లారట. నొప్పికి బలమైన మందులు కూడా తక్కువే వాడారు.

తిన్నాక_పావుగంట:
షుగర్ అడిగిన మనిషిని అందరూ మర్చిపోయారు! పొద్దునా సాయంత్రమా అన్నది వదిలేయండి, తిన్న తర్వాత నడవండి. కండరాలు కదిలితే రక్తంలో గ్లూకోజ్ వాటిలోకి పోతుంది. నేను వేలికి సూది గుచ్చుకుని చూశాను, కూర్చున్న రోజు 188, నడిచిన రోజు 149. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే.

కొత్త_బూట్లు:
అందరికీ థాంక్స్. బూటు చూశాను, కుడి మడమ బయటివైపు నున్నగా అరిగిపోయింది. భోజనం చేసి పార్కులో ఇరవై నిమిషాలు నడిచొచ్చాను. వాచీ పెట్టుకోవడం మర్చిపోయాను. వీరుడు గారూ, ఆ అడుగులు లెక్కలోకి వస్తాయా?

పదివేల_వీరుడు:
రావు.