పరుగుకు ముందు స్ట్రెచింగ్ చేయాలా, వద్దా?

ఈవెంట్స్ అభ్యర్థి: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తున్నాను. 2022 తెలంగాణ నోటిఫికేషన్ లెక్కే పెట్టుకున్నాం: 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు. పొద్దున ఐదింటికి గ్రౌండ్‌కు రాగానే మా సార్ అందరినీ వంగి బొటనవేళ్లు పట్టుకుని ఉండమంటారు. ఒక్కో కాలికి నిమిషంన్నర. ఆ వెంటనే జంప్స్. పోయిన వారం మూడో జంప్‌కే నాకు తొడ వెనక పట్టేసింది. స్ట్రెచింగ్ సరిగా చేయలేదని సార్ అంటున్నారు. చేసినందుకే అలా అయిందని నా ఫ్రెండ్ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

మట్టి కోర్టు: సార్ మాటే నమ్ము తమ్ముడూ. పాతికేళ్లు కబడ్డీ ఆడాను. స్ట్రెచింగ్ చేయకుండా ఒక్క రోజూ కోర్టులో అడుగు పెట్టలేదు. ఒళ్లు సాగనివాడు బోనస్ గీతకు కాలు ఎలా చాపుతాడు? ఇప్పుడు అసలు వద్దే వద్దంటున్నారు, అది తప్పు.

ఫిజియో అక్క: నేను ఫిజియోథెరపిస్టుని. రోజూ ఇలాంటి తొడలే చూస్తాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వార్మప్ వేరు, స్ట్రెచింగ్ వేరు. మెల్లగా పరిగెత్తితే కండరాలకు రక్తం ఎక్కువగా వెళ్తుంది, లోపల వేడి పుడుతుంది. వేడెక్కిన కండరం త్వరగా ముడుచుకుంటుంది, త్వరగా వదులవుతుంది. కదలకుండా వంగి నిలబడితే ఇందులో ఏదీ పెద్దగా జరగదు. పైగా ఒకే కండరాన్ని నిమిషం దాటి లాగి పట్టుకుంటే, కాసేపు దాని బలం కొంచెం తగ్గుతుంది. 2016లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఆ తగ్గుదల సగటున 4.6 శాతం. నిమిషం లోపే వదిలేస్తే 1.1 శాతమే. జానెడు తేడాతో గీత అందనివాళ్లకు ఆ కొంచెమే ఉద్యోగం.

దెబ్బల సంగతికొస్తే, ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మంది మీద చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. అందరూ వార్మప్ చేశారు. సగం మంది దాంతోపాటు ఆరు కాలి కండరాలకు 20 సెకన్ల చొప్పున స్ట్రెచింగ్ చేశారు. 12 వారాల శిక్షణలో రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కాలి దెబ్బ తగిలింది. అంటే స్ట్రెచింగ్ కాపాడనూ లేదు, చెడగొట్టనూ లేదు. కాబట్టి తమ్ముడూ, నీ ఫ్రెండ్ చెప్పిందీ పూర్తిగా నిజం కాదు. నాకు తప్పుగా అనిపించేది ఒళ్లు వేడెక్కకుండానే పూర్తి వేగంతో దూకించడం. అది పిల్లల కాళ్లతో ఆడుకోవడమే, ఈ మాట గట్టిగానే అంటున్నాను.

ఒంగోలు రన్నర్: మేలో మాకు పొద్దున ఏడింటికే చెమటలు కారిపోతాయి. మళ్లీ వార్మప్ ఎందుకు?

ఫిజియో అక్క: ఎండకు చర్మం వేడెక్కి చెమట పడుతుంది. అంతమాత్రాన తొడ కండరం దూకడానికి సిద్ధమైనట్టు కాదు. ఎండాకాలం వార్మప్ తగ్గించండి, మానొద్దు. నీళ్లు తాగి, నీడలో చేయండి.

కూచిపూడి టీచర్: పరుగు లెక్క అందరికీ పెట్టకండి. మా పిల్లలు అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరిచి చాలాసేపు నిలబడాలి. తుంటి దగ్గర వదులు లేకపోతే ఆ భారం మోకాలి మీద పడుతుంది. స్ట్రెచింగ్ లేకుండా మాకు కుదరదు.

ఫిజియో అక్క: ఒప్పుకుంటాను. కీలు బాగా తెరుచుకోవాల్సిన నాట్యం, జిమ్నాస్టిక్స్ లాంటివాటికి అది కావాలి. ముందు ఒళ్లు వేడెక్కించి, తర్వాత అరనిమిషం లోపు చేయించండి. ఎక్కువసేపు పట్టి ఉంచేవి క్లాసు అయ్యాక పెట్టుకోండి.

మట్టి కోర్టు: అమ్మా, ఒక మాట. మేం స్ట్రెచింగ్ అనేది మొత్తం కలిపి. ముందు గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, తర్వాత దండీలు, బస్కీలు, ఆ తర్వాతే కాళ్లు సాగదీయడం. రాగానే వంగమని మా కోచ్ ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఆ చివరిది మాత్రం నేను వదలను.

ఫిజియో అక్క: వదలొద్దు అన్నా. మీ వరుస సరిగ్గా ఉంది. నేను అడిగేదీ ఆ వరుసే.

ఈవెంట్స్ అభ్యర్థి: అక్కా, అయితే జంప్స్ ముందు ఏం చేయమంటారు? తొడ ఇంకా కొంచెం లాగుతోంది.

ఫిజియో అక్క: లాగుతున్నంత కాలం జంప్ వద్దు. నొప్పి లేకుండా నడిచి, తర్వాత మెల్లగా పరిగెత్తి, తర్వాత వేగం పెంచి చూసుకో. అక్కడ కమిలినా, వాచినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించు.

తగ్గాక ఇలా చెయ్యి. ఏడెనిమిది నిమిషాలు మెల్లటి పరుగు. కాళ్లు ముందుకూ వెనక్కీ ఊపడం, మోకాళ్లు పైకెత్తి నడవడం, పెద్ద అడుగు వేసి మోకాలు వంచడం. తర్వాత 60 మీటర్ల పరుగు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి కొంచెం వేగం పెంచుతూ. సగం బలంతో రెండు జంప్స్ వేసి, అప్పుడు అసలు జంప్‌కు వెళ్లు. వంగి బొటనవేళ్లు పట్టుకోవడం ప్రాక్టీస్ అయ్యాక చేసుకోవచ్చు.

ఈవెంట్స్ అభ్యర్థి: రేపు సార్‌ను అడుగుతాను. ఒప్పుకోకపోతే పావుగంట ముందే వచ్చి నా రౌండ్లు నేనే వేసుకుంటాను.